ముఖంలో మార్పు పట్టడం, మాటతో దారి మళ్లించడం: మెంటలిజం నేర్చుకునేవాళ్లకు వరసగా పని

వినాయక చవితి పందిళ్లు విప్పిన మర్నాటి నుంచి మా జిరాక్స్ షాపు కౌంటర్ దగ్గర ఒకటే గోల. "అన్నా, బిళ్ల ఏ చేతిలో ఉందో ఎలాగ చెప్పీసినావు? నాకూ నేర్పవా?" అడిగేవాళ్లలో సగం మా పర్లాకిమిడి (ఆంధ్రా సరిహద్దుకు ఆనుకున్న ఒడిశా ఊరు) కుర్రాళ్లు, సగం పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు. ఈ మధ్య గుణుపురం నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పి పంపిస్తే, ఆ ముక్కతోనే స్టేజీ ఎక్కి పరువు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఈ మెంటలిజాన్ని, అంటే ఎదుటివాళ్ల మనసు చదివేసినట్టు చూపించే ఆటను, మొదటి నుంచి వరసగా రాస్తున్నాను. మధ్యలో ఏ అంకె వదిలేసినా తర్వాతది పని చేయదు.

1. ముఖాన్ని ఏం అడగాలో ముందు తేల్చుకోండి

అబద్ధాలు పట్టేయవచ్చనే ఆశతో ఇందులోకి రాకండి. మనుషులు నిజాన్నీ అబద్ధాన్నీ ఎంత బాగా విడదీయగలరో చూసిన చాలా పరిశోధనలను 2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు పరిశోధకులు కలిపి లెక్క వేశారు. సగటు 54 శాతం తేలింది. బొమ్మా బొరుసూ వేసుకున్నా 50 వస్తుంది కదా.

కళ్లు పైకి కుడివైపు తిరిగితే అబద్ధం, ఎడమవైపు తిరిగితే నిజం అని వీడియోల్లో చెబుతుంటారు. 2012లో మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్ బృందం దాన్ని పరీక్షించి చూస్తే అలాంటి సంబంధమేమీ కనబడలేదు. ఆ లెక్క మీ బుర్రలో ఉంటే తీసేయండి.

పాల్ ఎక్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పేరుతో ప్రచారమైన మెరుపు కవళికలు (మైక్రో ఎక్స్‌ప్రెషన్లు, ముఖంలో మెరిసి మాయమయ్యే భావాలు) ఉన్నమాట నిజమే. కానీ అవి అర సెకను కూడా నిలవవు. కొన్ని సెకనులో 25వ వంతులోనే పోతాయి, అంటే మామూలు ఫోన్ వీడియోలో ఒకటి రెండు ఫ్రేములు. పైగా అందరి ముఖంలోనూ రావు. వాటి కోసం కాచుకు కూర్చుంటే షో అయిపోతుంది.

ముఖం చెప్పేది ఒక్కటే: "ఇప్పుడు ఏదో తగిలింది." ఏం తగిలిందో, ఎందుకు తగిలిందో అది చెప్పదు. ఆ లోటు పూడ్చాల్సింది మీ ప్రశ్న. రెండు చేతుల్లో ఒకటి, ఐదు బొమ్మల్లో ఒకటి అని మీరు ముందే గిరి గీసి పెడితే, ఆ చిన్న కదలిక జవాబుగా మారుతుంది. గిరి లేకుండా ఊరికే ముఖం చూస్తే ఏమీ తెలియదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెతలో కూడా పనంతా ప్రశ్నదే. "దొంగ ఎవరు" అని ఊరుకుంటే వాడు భుజం తడుముకోడు. గుమ్మడికాయ అన్నారు గనకే చెయ్యి భుజం మీదికి పోయింది.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- పది రూపాయల బిళ్ల ఒకటి. రూపాయి బిళ్ల మరీ చిన్నది, అవతలివాళ్లు పట్టుకున్నట్టే ఉండదు, మనసు దాని మీద నిలవదు.
- విజిటింగ్ కార్డు సైజు తెల్ల ముక్కలు ఐదు, మార్కరు ఒకటి.
- గీతల నోటుబుక్కు. ఇది లేకుండా మొదలుపెట్టకండి, ఎందుకో 4వ అంకెలో చెబుతాను.
- స్లో మోషన్ వీడియో తీసే ఫోను, దాన్ని నిలబెట్టే స్టాండు.
- స్థిరంగా వెలిగే దీపం, అవతలివాళ్ల ముఖానికి ఎదురుగా.

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మన పందిళ్లలో సీరియల్ లైట్లు ఎరుపూ పచ్చా మారుతుంటాయి. ఆ వెలుగులో చేతి రంగు తేడా తెలియడం బ్రహ్మతరం కూడా కాదు. ట్యూబ్‌లైటు నడినెత్తి మీద ఉంటే కళ్ల కింద నీడ పడుతుంది, కళ్లజోడు ఉంటే అద్దం నిండా మెరుపే. కమిటీవాళ్లను ముందే అడిగి ఒక తెల్ల బల్బు వాళ్ల ముఖానికి ఎదురుగా పెట్టించుకోండి. మీకూ వాళ్లకూ మధ్య మూరన్నర దూరం చాలు. ఇంకా దగ్గరికి జరిగితే వాళ్లు బిగుసుకుపోతారు.

3. మామూలు ముఖం పట్టుకోండి

కొత్తగా నేర్చుకునేవాళ్లంతా దాటేసే మెట్టు ఇది. ఒక మనిషి మామూలుగా ఎలా ఉంటాడో తెలియకుండా అతను మారాడని ఎలా చెబుతారు? కొందరు ఊరికే పెదవి కొరుకుతుంటారు. కొందరు టెన్షన్ లేకపోయినా టకటకా రెప్పలు వేస్తారు. మామూలు మనిషి నిమిషానికి సుమారు 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాడు, కానీ ఆ సగటుతో మీకు పని లేదు. మీ ముందు నిలబడ్డ మనిషి లెక్కే కావాలి.

రెండు నిమిషాలు మామూలు కబుర్లు చెప్పండి. మీకు జవాబు తెలిసిన ప్రశ్నలే వేయండి.

"పిన్నీ, మీది ఇక్కడేనా, కాశీనగరమా?"
"ఇక్కడే నాన్నా, రాజుగారి కోట వెనకాల."
"పొద్దున్న టిఫినేటి చేసినారు?"
"ఉప్మా. ఇంకేటి చేస్తాను!"

మొదటిది ఆలోచించకుండా చెప్పే జవాబు. రెండోదానికి ఒక్క క్షణం గుర్తు చేసుకోవాలి. ఈ రెండింటి మధ్య ముఖంలో వచ్చిన తేడాయే మీకు కొలబద్ద. ఆ పిన్ని గుర్తు చేసుకునేటప్పుడు గడ్డం కొంచెం కిందికి దించింది అనుకోండి, ఇక షో అంతా ఆ గడ్డం మీదే కన్ను.

చూడాల్సినవి, ఈ వరసలో:

- పాదాలు ఎటు తిరిగి ఉన్నాయి
- ఊపిరి పొట్టలో ఆడుతోందా, ఛాతీలోనా
- పెదవులు ఆనుకుని ఉన్నాయా, విడిగా ఉన్నాయా
- మాట మొదలుపెట్టే ముందు ఏం చేస్తారు: గుటక వేస్తారా, నవ్వుతారా, రెప్ప వేస్తారా
- నవ్వినప్పుడు కళ్ల చివర ముడతలు పడుతున్నాయా, మూతి ఒక్కటే సాగుతోందా

ఇంగ్లిషు వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు మన దగ్గర బోల్తా పడేది తల ఊపే దగ్గర. నిలువుగా ఊపితే అవును, అడ్డంగా ఊపితే కాదు అని వాళ్ల లెక్క. మన తల అటూ ఇటూ వాలుతుంది. దానికి "సరే", "వింటున్నాను", "చూద్దాంలే" అని మూడు అర్థాలున్నాయి. తల ఊపును అవునుగా తీసుకోకండి, అది మర్యాద కావచ్చు.

ఇంకొకటి భాష. మన ఊళ్లలో ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఫోన్‌లో ఇంగ్లిషు. మీరు తెలుగులో "ఒక అంకె అనుకోండి" అంటారు, అతను ఒడియాలో "సాత" అనుకుంటాడు. తర్వాత మీరు "ఐదు, ఆరు, ఏడు" అని చదివితే అతను లోపల అనువాదం చేసుకుంటాడు. కదలిక అర సెకను ఆలస్యంగా వస్తుంది, అప్పటికి మీరు ఎనిమిది మీద ఉంటారు. ఈ దెబ్బ నేను ఏడాది పాటు తిన్నాను. ఇప్పుడు కబుర్లలోనే అడిగేస్తాను: "మీరు లెక్క ఏ భాషలో నేర్చుకున్నారు?" ఏ భాషంటే ఆ భాషలోనే చదువుతాను.

4. ఏ చేతిలో బిళ్ల: మొదటి నెలంతా ఇదొక్కటే

రెండే జవాబులున్న ఆట కాబట్టి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచిది లేదు.

(అ) బిళ్ల అవతలివాళ్ల చేతికి ఇచ్చి మీరు వెనక్కి తిరగండి. "ఏదో ఒక చేతిలో దాచి గుప్పిట మూయండి" అనండి.

(ఆ) తిరక్కుండానే, "బిళ్ల ఉన్న గుప్పిటను నుదురు దగ్గర పెట్టుకోండి. ఆ చెయ్యినే తలుచుకోండి, నేను దాన్ని పట్టుకోవాలి" అని చెప్పి మీలో మీరు 20 లెక్కపెట్టండి. ఖాళీ చెయ్యి కిందికి వేలాడాలి. దాన్ని నడుం మీద పెట్టుకోనివ్వకండి.

(ఇ) "రెండు చేతులూ ముందుకు చాపండి, సమానంగా" అనండి. రెండూ సమంగా వచ్చాక ఒక్క క్షణం ఆగి తిరగండి. వాళ్లు చేతులు కదుపుతుండగా తిరిగితే దొంగచూపు చూశారంటారు.

(ఈ) తిరిగిన మొదటి క్షణం చేతులు చూడండి. పైకెత్తిన చేతిలో రక్తం కిందికి దిగి ఉంటుంది, ఆ చెయ్యి కాస్త పాలిపోతుంది. తెల్లటి ఒంటిరంగువాళ్లను పెట్టి రాసినవాళ్లు చర్మం రంగు చూడమంటారు. మన రంగుకు అది సరిగా తెలియదు. మీరు చూడాల్సింది చేతి వెనక నరాలు. కిందికి వేలాడిన చేతి మీద అవి ఉబ్బి ఉంటాయి, పైకెత్తిన చేతిలో అణిగి ఉంటాయి. గోళ్ల రంగులో కూడా తేడా ఉంటుంది. ఇదంతా 5 నుంచి 10 సెకన్లలో సమమైపోతుంది, కాబట్టి తిరగ్గానే జోకులు వేస్తూ కూర్చోకండి.

(ఉ) తర్వాత ముక్కు చూడండి. చాలామందికి తెలియకుండానే ముక్కు కొస బిళ్ల ఉన్న చేతివైపు వెంట్రుకవాసి తిరుగుతుంది. కళ్లను వాళ్లు అదుపులో పెట్టుకుంటారు, తల సంగతి మర్చిపోతారు.

(ఊ) నరాలూ ముక్కూ ఒకే చెయ్యి చూపిస్తే చెప్పేయండి. రెండూ వేరు వేరుగా చెబితే అప్పుడే మాట్లాడండి. "ఇందులో ఉందా?" అని ఒక గుప్పిట వైపు మీ వేలు నెమ్మదిగా తీసుకెళ్లండి, తర్వాత రెండోదాని వైపు. వేలు నిజమైన చేతి మీదికి వచ్చినప్పుడు ఊపిరి ఆగడమో, గుప్పిట ఇంకాస్త బిగియడమో, తేలు కుట్టిన దొంగలా ముఖం మరీ నిర్వికారంగా మారడమో కనిపిస్తుంది. ఆ మూడోదే నాకు ఎక్కువసార్లు దొరికింది. ఏమీ లేనట్టు ఉండాలని ప్రయత్నించే ముఖం, మామూలు ముఖంకన్నా చదునుగా ఉంటుంది.

ఇప్పుడు నోటుబుక్కు. ప్రతి ప్రయత్నాన్నీ రాయండి: ఎవరు, ఏం చూసి చెప్పారు, ఒప్పా తప్పా. 30 సార్లు చేస్తే ఊరికే వేసిన గుడ్డి దెబ్బలే 15 దాకా తగులుతాయి. 17, 18 తగిలితే మీకు విద్య వచ్చిందనుకోకండి, అది అదృష్టంతోనూ వస్తుంది. 30లో 20 లేదా అంతకుమించి అదృష్టంతోనే రావడం నూటికి సుమారు ఐదుసార్లే జరుగుతుంది. కాబట్టి 20 దాటేదాకా ఇంటి గడప దాటి చూపించకండి. రెండుసార్లు వరసగా 20 దాటితే ఇంకా మంచిది.

నా మొదటి 30లో 16. రెండో 30లో 14. రాసి పెట్టుకోకపోతే నేను బాగానే చేస్తున్నాననే అనుకునేవాణ్ని, ఎందుకంటే తగిలినవే గుర్తుంటాయి.

5. ఐదింట్లో ఒకటి

ఐదు కార్డుల మీద ఐదు ఆకారాలు గీయండి: గుండ్రం, చదరం, ముక్కోణం, చుక్క, అలలు. ఒకటి మనసులో అనుకోమనండి. కార్డులు కలిపి ఒక్కొక్కటీ చూపిస్తూ పేరు చెప్పండి. ప్రతిదానికీ వాళ్లు లోపల "కాదు" అనుకోవాలి.

మొదటిసారి చదివేటప్పుడు ఏమీ పట్టాలని చూడకండి, అలవాటు చేయడానికే ఆ చుట్టు. రెండోసారి వరస మార్చి చదవండి, అప్పుడు చూడండి. మూడోసారి అనుమానం ఉన్న రెండింటినే చూపించండి.

మీ గొంతే మీకు శత్రువు. ముక్కోణం అని మీకు అనుమానం ఉంటే ఆ మాట దగ్గర మీ గొంతు మారుతుంది, దానికి వాళ్ల ముఖం మారుతుంది, మీరు దొరికిందనుకుంటారు. మీ గొంతు రికార్డు చేసుకుని వినండి. ఐదు పేర్లూ ఒకే ఎత్తులో, ఒకే వేగంతో రావాలి. రైలు స్టేషన్లో అనౌన్స్‌మెంటులా ఉంటే సరిగ్గా ఉన్నట్టు.

ఆకారాలే ఎందుకు, తిండి పేర్లు పెడితే సరదాగా ఉంటుంది కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. బరంపురంలో ఒక పెళ్లిలో డాల్మా, పఖాళ (ఒడియావాళ్ల చద్దన్నం), ఛెనాపొడ, పులిహోర, గారెలు అని ఐదు రాసి, పెళ్లికొడుకు వదినగారిని ఒకటి అనుకోమన్నాను. "పఖాళ" అనగానే ఆవిడ మూతి ఒక పక్కకి లాగింది, కళ్లు చటుక్కున వాళ్లాయన వైపు పోయాయి. ఇంతకన్నా స్పష్టంగా ఏ ముఖమూ చెప్పలేదనుకుని "పఖాళ!" అని అరిచాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. "కాదండీ, గారెలు." తర్వాత తెలిసిందేమిటంటే, కాపురానికి వచ్చిన మొదటి వేసవిలో పఖాళ తిని సాయంత్రం దాకా లేవలేదట, ఇప్పటికీ ఇంటిల్లిపాదీ ఆవిణ్ని అదే పేరు పెట్టి ఏడిపిస్తారట.

ముఖం అబద్ధం చెప్పలేదు. తగిలిందన్నది, నిజంగానే తగిలింది. నేను పెట్టిన మాటకే ఒక కథ ఉంది. అందుకని:

- తిండి, ఊరు, మనిషి పేరు, దేవుడు: మొదటి ఆరు నెలలు ఇవి వద్దు.
- ఆకారాలు, రంగులు, అంకెలు పెట్టుకోండి.
- ఏదైనా మాట దగ్గర పెద్ద కదలిక వస్తే అనుమానించండి. మనసులో దాచుకున్న దానికి వచ్చే కదలిక చిన్నగా ఉంటుంది, దాన్ని అణచుకుంటున్నారు కాబట్టి.
- వరస మార్చి మళ్లీ చదవండి. పాత కథ వల్ల వచ్చిన నవ్వు రెండోసారికి సగమైపోతుంది. ఎంచుకున్నది మాత్రం మళ్లీ అంతే వస్తుంది.

6. మాటతో దారి మళ్లించడం

"నేను చెప్పిందే వాళ్లు అనుకునేలా చేస్తాను" అని జనం ఊహించుకునే శక్తి ఎవరి దగ్గరా లేదు. ఉన్నది గిరి గీయడం, తొందర పెట్టడం, చివర్లో జరిగినదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పడం.

గిరి గీయడానికి బాగా తెలిసిన ఉదాహరణ 37. ఇలా అడుగుతారు:

"ఒకటికీ యాభైకీ మధ్య రెండంకెల సంఖ్య. రెండూ బేసి అంకెలే కావాలి, రెండూ వేరు వేరుగా ఉండాలి. 15 లాంటిది, కానీ 15 వద్దు నేను చెప్పేశాను కదా. ఊఁ, త్వరగా!"

వినేవాళ్లకు యాభై సంఖ్యలు తమ చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి మిగిలేవి 13, 15, 17, 19, 31, 35, 37, 39, అంతే, ఎనిమిది. 15ను మీరే చంపేశారు. దానితో పాటు పదుల్లో ఉన్న 13, 17, 19 కూడా "మరీ దగ్గరివి" అనిపించి పక్కకు పోతాయి. మిగిలినవాటిలో ఎక్కువమంది 37 మీద వాలతారు, తర్వాతిది 35. అందుకే కార్డు మీద పెద్దగా 37 రాసి, మూల 35 అని రాసి కొట్టేయండి. వాళ్లు 35 అంటే "చూడండి, ముందు అదే రాశాను, మనసు మార్చుకుంటారనుకున్నాను" అనవచ్చు.

తెలుగులో ఇది ఒక చోట చెడుతుంది. "బేసి" అంటే చప్పున అందనివాళ్లు ఉంటారు. వాళ్లు 24 అనో 27 అనో అంటారు. మనిషిని బట్టి "సరి బేసిల్లో బేసి", లేదా "ఆడ్ నంబర్లు" అనండి. అర్థమైందా లేదా అని "ఒకటి, మూడు, ఐదు అలాగ" అని మాత్రం చెప్పకండి. మూడూ ఐదూ మీరే అందించినట్టవుతుంది.

ఇలాంటివే ఇంకొన్ని: ఒకటి నుంచి నాలుగులోపు అంకె అంటే మూడు, ఒకటి నుంచి పదిలోపు అంటే ఏడు ఎక్కువగా వస్తాయి. పువ్వు అంటే గులాబీ వస్తుందని విదేశీ మెజీషియన్లు చెబుతారు. మన దగ్గర వేసవిలో అడిగితే మల్లె, కార్తీకంలో అడిగితే చామంతి, ఇంటి ముందు చెట్టుంటే మందారం. నమ్మకండి, మీ ఊరి పట్టీ మీరే తయారు చేసుకోండి. నేను షాపుకు వచ్చినవాళ్లను జిరాక్స్ తీసేలోపు "ఒక పువ్వు పేరు చెప్పండి" అని అడిగి రాసుకునేవాణ్ని. నలభై మందిని అడిగితే మీ వీధికి పని చేసే పట్టీ వచ్చేస్తుంది. ఖర్చు లేదు, అడిగినందుకు ఎవరూ కోప్పడలేదు కూడా. ఒక్క పెద్దాయన మాత్రం "నీకెందుకురా" అన్నాడు.

ఇక మన భాషే మనకిచ్చిన సాయం ఒకటుంది. "కాదు" అన్న మాట చివర దీర్ఘం తీస్తే అర్థం తిరగబడుతుంది. "మీరు దాచుకున్నది ఎరుపు కాదూ?" అంటే ఎరుపే కదా అని. "ఎరుపు కాదు" అంటే కాదని. ఈ రెండింటికీ మధ్య ఎక్కడో, దీర్ఘం సగంలో తుంచి, "ఎరుపు... కాదు..." అని వాళ్ల ముఖంలోకి చూడండి. కనుబొమలు లేస్తే "అదే అన్నాను, ఎరుపే కాదూ!" అని పూర్తి చేయండి. ముఖం చప్పబడితే "కాదు. ఎరుపు కాదు, ఇంకా చల్లని రంగు" అని ముందుకు పోండి. ఏ వైపు వెళ్లినా మీరు తప్పు చెప్పినట్టు ఎవరికీ గుర్తుండదు. అద్దం ముందు దీన్ని వారం రోజులు సాధన చేయండి. దీర్ఘం ఎక్కువైతే ప్రశ్నగా తెలిసిపోతుంది, తక్కువైతే తప్పుగా దొరికిపోతుంది.

అందరికీ అతికే మాటల సంగతి: "మీరు పైకి గట్టిగా ఉంటారు గానీ లోపల చాలా ఆలోచిస్తారు" లాంటివి. 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు మీ స్వభావం ఇదీ అని కాగితాలిచ్చి, ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. పని చేస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అయినా నేను వీటిని చాలా తక్కువగా వాడతాను. ఒకటి రెండు వాక్యాలు చాలు. మూడోది పడితే మెంటలిజం వదిలి సోది చెప్పడంలోకి దిగినట్టే, జనం కూడా చెయ్యి చాపి జాతకం అడగడం మొదలుపెడతారు.

చివర్లో తిరిగి చెప్పడం. "చూడండి, బిళ్ల మీరే దాచారు. ఏ చేతిలో పెట్టాలో నేను చెప్పలేదు. నేను ముట్టుకోలేదు." ఇందులో అబద్ధమేమీ లేదు. నుదుటి దగ్గర చెయ్యి పెట్టించిన సంగతి మాత్రం వదిలేశారు, అంతే. ఇంటికెళ్లి పక్కింటివాళ్లకు చెప్పేటప్పుడు వాళ్లు కూడా వదిలేస్తారు.

7. ఆరు నిమిషాల వరస

1. రెండు నిమిషాల కబుర్లు, మామూలు ముఖం, లెక్క ఏ భాషలోనో.
2. బిళ్ల ఆట ఒకసారి. తగిలితే రెండోసారి. మూడోసారి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, వాళ్లు మిమ్మల్ని ఓడించడానికి చూస్తుంటారు.
3. వేరే మనిషితో 37. మొదటి మనిషిని పక్కన నిలబెట్టండి, పంపించకండి.
4. మొదటి మనిషి మీదికి తిరిగి వచ్చి ఐదు కార్డులు. ఈపాటికి అతని ముఖం మీకు అలవాటైంది, అతనికి మీ మీద గురి కుదిరింది.

37 తప్పినా ఫరవాలేదు, మధ్యలో ఉంది కాబట్టి మర్చిపోతారు. చివరిది తప్పితే ఇంటికెళ్లి అదే చెప్పుకుంటారు. అందుకే మీకు బాగా వచ్చినదాన్నే చివర పెట్టండి.

8. ఎక్కువమంది చేసే తప్పులు

*గుడ్లప్పగించి చూడటం.* ఎదుటివాళ్లు బిగుసుకుపోతారు. వాళ్ల రెండు కనుబొమల మధ్య చూడండి, మిగతా ముఖమంతా అంచుల్లో కనిపిస్తుంది. కదలిక పట్టడానికి ఆ అంచు చూపే మంచిది.

*నవ్వే గుంపులోంచి మనిషిని పిలవడం.* స్నేహితులు పక్కనుంటే ప్రతి మాటకీ వాళ్ల వైపు చూసి నవ్వుతారు. పక్కనే మౌనంగా, శ్రద్ధగా చూస్తున్న మనిషిని పిలవండి.

*తాగినవాళ్లతో చేయడం.* ముఖం ఆలస్యం, నోరు ముందు. వదిలేయండి.

*మొండిఘటం తగలడం.* కావాలనే ముఖం రాయిలా పెట్టుకుంటాడు. అతన్ని ముఖం అడగకండి, నరాలు చూసి బిళ్ల చెప్పేయండి, చప్పట్లు కొట్టించి కూర్చోబెట్టండి.

*తప్పినప్పుడు వాదించడం.* "మీరు సరిగా తలుచుకోలేదు" అన్న మాట నోట్లోంచి రాకూడదు. "దొరకలేదు మావయ్యా, మీరు గట్టివారు" అని నవ్వేస్తే అయిపోతుంది. ఒకటి రెండు తప్పితేనే మిగతావి నిజమనిపిస్తాయి. మరీ అన్నీ తగిలితే జేబులో ఏదో కెమెరా ఉందంటారు.

*ముట్టుకోవడం.* మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ చెప్పే పద్ధతి ఉంది, బాగా పని చేస్తుంది. ఆడవాళ్లతో అడక్కుండా చేయకండి. అడిగినా ఇంటివాళ్ల ముందే అడగండి.

9. మన జిల్లాల్లో అస్సలు చేయకూడనివి

దీన్ని చివర పెట్టాను గానీ మొదటిసారి బయట చూపించే ముందే చదవండి.

మూడేళ్ల కిందట కొండ దిగువన ఒక ఊళ్లో షో అయ్యాక ఒకాయన నన్ను చీకట్లోకి పిలిచాడు. ఇంట్లో గొలుసు పోయింది, ముగ్గురి మీద అనుమానం ఉంది, వాళ్లను నిలబెడతాను, ముఖం చూసి చెప్పు అన్నాడు. ఆ ముగ్గురిలో ఒక ముసలావిడ ఉంది, ఒంటరి మనిషి. నేను చెప్పబోయేది 54 శాతం మాట. దాని మీద ఆ ఊరివాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసు. ఒడిశాలో మంత్రగత్తె అని ముద్ర వేసి హింసించడాన్ని ఆపడానికి 2013లో ప్రత్యేక చట్టమే తెచ్చారు. చేతబడి, అఘోరీ పేరుతో జరిగే దురాగతాల మీద మహారాష్ట్రలోనూ అదే ఏడాది చట్టం వచ్చింది, ఆ రాష్ట్రంలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ వైపు షోలు చేసే తెలుగువాళ్లకూ ఇది వర్తిస్తుంది. "నాకు ఆట తప్ప ఏమీ రాదు బాబూ" అని బిళ్ల ఎలా కనిపెడతానో ఆయనకు అక్కడే విప్పి చూపించేశాను. గుట్టు పోయింది. పోనీ.

అప్పటి నుంచి షో మొదట్లో తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చెబుతాను: "ఇది కనిపెట్టే ఆట. నాకు మంత్రాలు రావు, దేవుడు ఒంటి మీదికి రాడు." ఇలా చెప్పినా చప్పట్లు తగ్గలేదు.

స్టేజీ ఎక్కే ముందు చూసుకోండి:

- పోయిన వస్తువులు, దొంగతనాలు: జవాబు ఇవ్వను
- జబ్బు, కడుపు, పెళ్లి సంబంధం, మొగుడూ పెళ్లాల అనుమానాలు: జవాబు ఇవ్వను
- చనిపోయినవాళ్ల గురించి ఒక్క మాట కూడా మాట్లాడను
- డబ్బు షోకు తీసుకుంటాను, విడిగా ఒక్కరికి చెప్పడానికి తీసుకోను
- తెల్ల బల్బు ముఖానికి ఎదురుగా ఉంది
- బిళ్ల కుడి జేబులో, కార్డులు ఎడమ జేబులో, 37 రాసిన కార్డు చొక్కా జేబులో
- నోటుబుక్కు షాపులోనే ఉంది, వచ్చాక ఈ రాత్రే రాస్తాను